కర్ర వెళ్తే నాయన వెళ్ళినట్టే

మా నాయనకు రెండు ఒళ్ళుండేవి. ఒకదానికి మా అమ్మ అన్నం పెట్టేది, రెండోదానికి నేను నూనె రాసేదాన్ని. రెండోది మనిషి భుజమెత్తు పొన్నుకర్ర. నాగలాపురం కొండల్లో కొట్టిన వెదురు, లోపల బోలు లేని గట్టి రకం. అడుగున ఇత్తడి పొన్ను. పైన పిడికిలి పట్టే చోట మూడు తరాల చేతులు రుద్ది రుద్ది నల్లగా, నున్నగా అయిపోయింది. నెలకొకసారి దానికి ఆముదం పూసి, పాత పంచెగుడ్డతో తుడిచి, వసారాలో తలుపు వెనక నిలబెట్టడం నా పని. ఆడపిల్లకు జడ వేసుకునే తీరిక లేకపోయినా కర్రకు మాత్రం తలంటు పోయాలా అని గొణిగేదాన్ని. నాయన వినీ విననట్టుండేవాడు.

ఆ కర్రతో ఆయన చేయని పని లేదు. కాలవలో దిగితే లోతు చూసేది అదే, గట్లు కొలిచేది అదే, సంతకు పోతే మూట తగిలించుకునేది అదే. ఒక వానాకాలం వసారా దూలం వంగితే నాలుగు రోజులు పోటుగా నిలబడిందీ అదే. ఆయుధపూజ నాడు నాగలి, కొడవళ్ళు, పార కడిగి వరసగా పెట్టి, వాటి పక్కన దీన్నీ పెట్టి కుంకుమ బొట్లు పెట్టేవాళ్ళం. రాయల కాలంలో మా పెద్దలు ఆవుల్ని తోలుకుంటూ ఈ తిరుత్తణి సీమకు వచ్చినప్పుడు చేతిలో కర్ర తప్ప ఇంకేమీ లేదని నాయనను కన్న మా జేజి చెప్పేది. మరి ఆవులు ఎక్కడివి జేజీ అని అడిగితే నోరు ముయ్యమనేది. కర్రున్నవాడిదే బర్రె అనే సామెత ఆవులకూ వర్తిస్తుందేమోనని నా అనుమానం.

మా ఊళ్ళో మావాళ్ళవి ఇరవై పైచిలుకు గడపలు. గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు వేరుపడినా, పెళ్ళి మాటలు బిగుసుకుపోయినా నాయన వెళ్ళి మధ్యన కూర్చోవాలి. ఆయనకు చదువు లేదు, ఆస్తి అంతంత మాత్రం. తాత పోయాక కర్ర ఆయన చేతికొచ్చింది, కర్రతో పాటు ఆ కూర్చునే పనీ వచ్చింది, అంతే. ఒంట్లో బాగాలేకపోతేనో, ఒకే రోజు రెండు చోట్ల పని పడితేనో కర్రను పంపేవాడు. దాన్ని మోసుకెళ్ళినవాడు నోరెత్తకూడదు. రెండు పక్షాల మధ్యన నేలమీద అడ్డంగా పెట్టి, పక్కన కూర్చోవాలి. కర్ర దాటి ఎవరూ చెయ్యి చాపకూడదు, కర్ర ముందు బూతుమాట ఆడకూడదు. మాటలు తేలాక రెండు పక్షాలవాళ్ళూ దాన్ని ముట్టుకుని లేవాలి. ముట్టుకుంటే నాయన చెయ్యి పట్టుకుని ఒప్పుకున్నట్టే. కర్ర వెళ్తే నాయన వెళ్ళినట్టే. ఒకసారి ఊత్తుకోట దగ్గరి సంబంధం మాటలకు అట్లాగే వెళ్ళింది. అవతలివాళ్ళు దానికి తాంబూలం కూడా పెట్టి పంపారు. ఆ తాంబూలం నేనే నమిలాను.

ఎమర్జెన్సీ పోయిన రెండో ఏడో, మూడో ఏడో సరిగ్గా గుర్తులేదు. వానలు మొహం చాటేశాయి. చెరువులో నీళ్ళు మోకాలి లోతుకు దిగాయి. తూము దగ్గర మీదిమడివాళ్ళకూ కిందిమడివాళ్ళకూ మాట పడింది. రెండూ మావాళ్ళ ఇళ్ళే, ఒకరినొకరు మామా, బావా అని పిలుచుకునేవాళ్ళే. నాయన వచ్చి చెప్పాలని మనిషిని పంపారు. ఆ రోజు నాయన చలిజ్వరంతో రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతున్నాడు. లేవబోయి కూలబడ్డాడు. మా అన్నను పిలిచి కర్ర చేతికిచ్చాడు. ఆదివారం కాబట్టి నేనూ ఇంట్లోనే ఉన్నాను. మిరియాల కషాయం గిన్నె పట్టుకుని నిలబడి, రెండు రోజులు ఆగమని చెప్పి పంపకూడదా అన్నాను. నేను ఆగుతాను, పైరు ఆగుతుందా అన్నాడు.

అన్న పద్ధతి ప్రకారమే కర్రను తూము గట్టు మీద అడ్డంగా పెట్టి పక్కన కూర్చున్నాడు. కిందిమడివాళ్ళ పాతికేళ్ళ కొడుకొకడు అప్పుడే సెలవు మీద వచ్చి ఉన్నాడు. మద్రాసు పక్కన ఏదో ఫ్యాక్టరీలో పని. కర్ర సంగతి వినడమే తప్ప దాని ముందర ఎప్పుడూ కూర్చున్నవాడు కాదు. మాట మీద మాట పెరిగింది. వాడు లేచాడు. చేతికందింది అదే. మీదిమడి పెద్దాయన, నాయనకు వరసకు బావ, ఆయన తల మీద పడింది. తలపాగా ఉండబట్టి ప్రాణం దక్కింది. తిరువళ్ళూరు ఆసుపత్రిలో నలభై రోజులున్నాడు, ఎడమ చెవి పోయింది. అన్న చెరువు నుంచి వట్టి చేతులతో ఇంటికి వచ్చినప్పుడు నాయన అడిగిన మొదటి మాట కర్ర ఎక్కడని. పోలీసులు తీసుకుపోయారని అన్న చెప్పాడు.

సబ్‌ఇన్‌స్పెక్టరు ఊళ్ళోకి వచ్చి ఏం జరిగిందని అడిగితే మావాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పారు. మా పెద్దమనిషి జ్వరంతో రాలేకపోయాడు, కర్ర పంపాడు అన్నారు. ఎంతో గౌరవంగా చెప్పారు, నాయనకు మేలే చేస్తున్నామనుకున్నారు. సబ్‌ఇన్‌స్పెక్టరు రాసుకున్నది మాత్రం, తగాదా ఉందని తెలిసీ ఒక ముసలాయన కొడుకు చేత కర్ర పంపించాడని. అందులో ఒక్క అబద్ధం లేదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది దానికే. కొట్టినవాడు ఒకటో ముద్దాయి, నాయన రెండో ముద్దాయి, మా అన్న మూడో ముద్దాయి. కర్రకు కూడా ఒక నంబరు పడింది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేను తిరుత్తణి కోర్టులో నకళ్ళు తయారుచేసే చోట దినకూలీ టైపిస్టును. వారమంతా తిరుత్తణిలో అత్త ఇంట్లో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరికి వెళ్ళేదాన్ని. చదువంతా తమిళంలోనే సాగింది. తెలుగు అక్షరాలు జేజి ఇసుకలో దిద్దించింది కాబట్టి వచ్చు. మా అన్న ఆ ఇసుక దగ్గర కూర్చోలేదు, వాడికి తమిళం తప్ప చదవడం రాదు. తమిళం మిషను మీద నేను కళ్ళు మూసుకుని కొట్టగలను. కేసుల్లో పట్టుకొచ్చిన వస్తువుల పట్టీలు ఎన్ని కొట్టానో లెక్కలేదు. కత్తి అరుదు, తుపాకీ అసలే లేదు. పట్టీ తరవాత పట్టీ, కర్ర, కర్ర, కర్ర. ఎద్దుల్ని తోలే కర్ర, రోకలి, మంచం పట్టె, మేకలవాడి దోటీ. పొద్దున ఊతకర్రగా ఇంట్లోంచి బయలుదేరినవి సాయంత్రానికి ఆయుధాలై కోర్టు సామాను గదిలో మూలన పడేవి. పోలీసు లాఠీ మాత్రం ఎన్నడూ ఏ పట్టీలోనూ కనబడలేదు. ఒకసారి జిల్లా జడ్జి తనిఖీకి వస్తే, ఎర్ర పటకా కట్టిన బంట్రోతు వెండి పొన్ను కర్ర పట్టుకుని ముందు నడిచాడు. అందరం లేచి నిలబడ్డాం. ఆ కర్ర ఎందుకని ఎవరడుగుతారు?

మా నాయన కర్ర కూడా ఆ గదిలోకే వచ్చింది. మెడకు దారంతో అట్టముక్క కట్టి, బీరువా పక్కన మూల నిలబెట్టారు. నేను పోతూ వస్తూ కిటికీలోంచి చూసేదాన్ని. నూనె లేక పొరలు లేస్తున్నట్టు నాకు తోచేది. ఒకరోజు గది గుమాస్తాను, కాస్త ఆముదం రాయవచ్చా అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

తిరువళ్ళూరు నుంచి వకీలును పెట్టుకున్నాం. పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడే మనిషి. ఆయన చెప్పిన దారి చాలా సులువు. జ్వరంతో పడుకుని ఉన్నాను, కర్ర తలుపు వెనక ఉండింది, ఎవరు తీసుకుపోయారో నాకు తెలియదు. ఈ మూడు ముక్కలు నాయన చెబితే చాలు. జ్వరానికి మందిచ్చిన డాక్టరు చీటీ కూడా ఉంది. అన్న చేతికి ఇవ్వడం బయటివాళ్ళెవరూ చూడలేదు. ప్రతి శనివారం రాత్రి అన్నం తిన్నాక ఆ మూడు ముక్కలూ నాయన చేత చెప్పించేదాన్ని. ఎక్కాలు వల్లించే పిల్లవాడిలా చెప్పేవాడు. సరిగ్గా చెప్పినప్పుడు నాకు సంతోషం వేసేది. ఒక్కసారి మాత్రం మధ్యలో ఆగి, మా బావ చెవి ఇంక వినబడదంట కదా అన్నాడు. అది వేరే సంగతి నాయనా, నువ్వు మూడో ముక్క చెప్పు అన్నాను.

వాయిదా రోజున నేను నకళ్ళ కట్ట చంకలో పెట్టుకుని కోర్టు హాలు తలుపు దగ్గర నిలబడ్డాను. మేజిస్ట్రేటు మెత్తని మనిషి, ముసలివాళ్ళను గద్దించడు. తమిళంలోనే అడిగాడు, నాయనా తమిళంలోనే చెప్పాడు. నేనిక్కడ రాస్తున్నది ఆయన ఇంట్లో మాట్లాడే మాటల్లో. కర్రను బల్ల మీద పెట్టి, ఇది మీదేనా అని అడిగాడు. నాదే అన్నాడు నాయన. సంఘటన రోజున మీరు జ్వరంతో ఇంట్లో ఉన్నారా అని అడిగాడు. వకీలు తల ఊపుతున్నాడు. నాయన కర్ర వంకే చూస్తున్నాడు.

"ఒళ్ళు ఇంట్లో ఉండింది సామీ. జొరం దానికే. నేను తూము కాడ ఉండినాను."

మేజిస్ట్రేటు కలం ఆపాడు. అంటే ఉన్నట్టా లేనట్టా, బాగా ఆలోచించి చెప్పండి అన్నాడు. ఆయన తప్పించుకునే తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఎవరైనా అందులోంచి బయటికి నడిచేవాళ్ళే.

"ఉండినాను. నా ముందర్నే మా బావ తల పగిలింది. ఆపలేకపోయినాను. ఇప్పుడు లేనని యెట్ల చెప్పేది?"

కర్ర మోసినవాడు నోరెత్తకూడదు, చెప్పింది చేశాడు, వాడి తప్పు లేదని కూడా చెప్పాడు. అన్న తల వంచుకుని ఏడ్చాడు. వకీలు కాగితాలు సర్దుకున్నాడు. నాకు నాయన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కొరివితో తల గోక్కునే మనిషికి ఎంతకాలమని నీళ్ళు పట్టుకుని నిలబడతాం? సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో ఆ కర్రను రెండు ముక్కలుగా విరిచేయాలనిపించింది.

ఆ వాంగ్మూలం నకలు నేనే కొట్టాల్సి వచ్చింది. ఇంకో టైపిస్టు కాన్పుకు వెళ్ళింది. హెడ్ గుమాస్తా నా ఎదుట కాగితం పెట్టి, ఏం చేసేదమ్మా అన్నట్టు చేతులు తిప్పాడు. ఉన్నాను అనే మాట దగ్గర నా వేళ్ళు ఆగాయి. తమిళంలో లేదు అనడానికి మూడే అక్షరాలు. కొట్టడం ఎంతసేపు? కొట్టినా లాభం లేదని నాకు తెలుసు. నేను కొట్టేది నకలు, అసలు బీరువాలో భద్రంగా ఉంది. పక్కన కూర్చుని ఒకరు అక్షరం అక్షరం సరిచూస్తారు. ఉన్నాను అనే కొట్టాను. మూడు కార్బన్ కాగితాల కింద కూడా నాయన అక్కడే ఉన్నాడు.

తీర్పు రోజున కొట్టినవాడికి జైలు పడింది. అన్నను వదిలేశారు. నాయన వయసు చూసి కొంచెం జరిమానా వేసి, కోర్టు లేచేదాకా అక్కడే ఉండాలని శిక్ష వేశారు. ఏమీ లేని శిక్ష అది, అదృష్టవంతుడన్నారు అందరూ. బెంచీ మీద కూర్చోవచ్చని బంట్రోతు చెప్పాడు కూడా. నాయన కూర్చోలేదు. పదకొండు గంటల నుంచి సాయంత్రం అయిదు దాకా చెక్క కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన చేతిలో ఏమీ లేకుండా నిలబడడం నేను మొదటిసారి చూశాను. మధ్యాహ్నం మజ్జిగ తీసుకెళ్ళి ఇచ్చాను. గ్లాసు పట్టుకోవడానికి కూడా కటకటాలు వదల్లేదు. నేను పట్టుకుని తాగించాను.

తీర్పు ఆఖరి వాక్యం ఎవరూ పట్టించుకోలేదు. అలాంటి వాక్యాలు వందసార్లు కొట్టాను కాబట్టి నాకు తెలుసు. అప్పీలు గడువు దాటాక ఫలానా నంబరు వస్తువును నాశనం చేయవలెను.

వకీలు దగ్గరికి పరిగెత్తాను. ఒకటే దారి ఉందన్నాడు. అప్పీలు వేసి, అది ఆయుధం కాదు, ఒట్టి ఊతకర్ర, ఆ రోజు నేనక్కడ లేను, కంగారులో ఏదో చెప్పాను అని రాసిస్తే కర్రను తిరిగి అడగవచ్చు. ఆ అర్జీ తమిళంలో నేనే కొట్టాను. అంత శుభ్రంగా ఎప్పుడూ కొట్టలేదు, ఒక్క అక్షరం కూడా చెరపలేదు. శనివారం ఇంటికి తీసుకెళ్ళి నాయనకు తెలుగులో చెప్పాను. సంతకం పెట్టమన్నాను. ఇక్కడ నేను ఏదో ఒకటి చెప్పి పెట్టించుకోవచ్చు, ఆయనకు ఆ కాగితం చదవడం రాదు. చెప్పలేకపోయాను. ఉన్నదంతా చదివాను. ఆయన కలం కింద పెట్టాడు.

"ఇందులో నేను యాడ ఉండాను మా?"

సంతకం పెట్టకపోతే కర్ర తిరిగి ఇవ్వరు నాయనా అని మాత్రం అన్నాను. కాల్చేస్తారు అనే మాట నోటికి రాలేదు. చెప్పినా పెట్టేవాడు కాదని నా నమ్మకం. నన్ను నేను సముదాయించుకోవడానికి పెంచుకున్న నమ్మకం కూడా కావచ్చు అది.

గడువు రోజులు ఒక్కొక్కటే పోయాయి. ప్రతి శనివారం నేను బస్సు దిగి ఇంటికి రాగానే నాయన వసారాలోంచి అడిగేవాడు. కర్ర ఉందా అని కాదు.

"చూస్తివా? ఉండానా?"

"ఉండావు నాయనా. బీరువా పక్కన, మూల."

ఆ మాట చాలు, కాళ్ళు కడుక్కోపొమ్మనేవాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం కోర్టు వెనక పెరట్లో పొగ లేచింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు పాత కేసుల సామాను కాలుస్తారు. ఆ పట్టీ కూడా అంతకుముందు రోజు నేనే కొట్టాను, మూడు ప్రతులు. మరకల చొక్కాలు, చిరిగిన గోతాం, పద్నాలుగు కర్రలు. పద్నాలుగో దాన్ని నేను కిటికీలోంచి గుర్తుపట్టాను. మిగతావి చిటపటమని అంటుకున్నాయి. ఇది చాలాసేపు అంటుకోలేదు, గట్టి వెదురు కదా. ఇన్నేళ్ళు నేను రాసిన నూనె ఉంది కదా, అంటుకున్నాక మాత్రం ఒక్కసారిగా మండింది. ఎదురుగా గుడి ఉన్న కొండ, మూడు వందల అరవై అయిదు మెట్లు, అసురుణ్ణి చంపి వచ్చిన స్వామి కోపం చల్లారిన చోటంటారు. ఎంతోమంది ముసలివాళ్ళు కర్రలు పొడుచుకుంటూ ఎక్కుతున్నారు. నేను పెరట్లోకి వెళ్ళి, పొన్ను కాలదు కదా, అదైనా ఇమ్మని బంట్రోతును అడిగాను. మంచివాడే. అది కూడా పట్టీలో ఉందమ్మా, నువ్వు కొట్టిన పట్టీయే కదా అన్నాడు. వెళ్ళి మిషను ముందు కూర్చున్నాను. ఆ పూట ఏం కొట్టానో నాకు గుర్తులేదు.

శనివారం బస్సు దిగాను. నాయన అడిగాడు.

"ఉండావు నాయనా" అన్నాను.

కాగితం మీద ఒక్క అక్షరం మార్చలేకపోయినదాన్ని, అప్పటినుంచి అయిదేళ్ళు ప్రతి శనివారం లేవు అనాల్సిన ఆ ఒక్క మాటా మార్చి చెప్పాను. ఎవరైనా తగాదా తీర్చమని వస్తే నాయన కదిలేవాడు కాదు. నేను తిరుత్తణిలో ఉన్నాను, ఎట్లా వచ్చేది అనేవాడు. కొత్తవాళ్ళు మతి పోయిందనుకునేవాళ్ళు. మళ్ళీ తూము మాట వచ్చినప్పుడు, చెవి పోయిన మీదిమడి పెద్దాయనే స్వయంగా వచ్చి, బావా నువ్వు రాకపోతే మళ్ళీ తలలు పగులుతాయని బతిమాలాడు. నాయన ఆయన చెవి వైపు చూసి, నన్ను విడిపించుకుని వస్తే వస్తాను బావా అన్నాడు. నేను లోపల పప్పు ఏరుతూ, ఏరినదే మళ్ళీ ఏరుతూ ఉన్నాను.

ఆఖరి జబ్బులో ఒక శనివారం రాత్రి నన్ను దగ్గరికి పిలిచాడు. మాట సగం సగం వస్తోంది.

"నన్ను ఇంటికి తెచ్చేయ్ మా. ఇంక చాలు."

"సోమవారం కోర్టు తెరవంగానే తెస్తాను నాయనా."

తల ఊపాడు. ఆదివారం పొద్దున పోయాడు.

మాలో పెద్దమనిషి పోతే ఆయన కర్రను పక్కన పెట్టి, పెద్దకొడుకు చేత ముట్టించి, అప్పుడు పాడె లేపుతారు. అన్న నా వైపు చూసి, కోర్టులో అడిగి తేలేమా, రేపటిదాకా ఆగుదామా అన్నాడు. ఇవ్వరు అన్నాను. వాడు ఆయన పక్కన, కర్ర ఉండాల్సిన జాగాలో, ఖాళీ నేల ముట్టుకుని లేచాడు.

అన్న ఇప్పటికీ ఆ కర్ర తిరుత్తణి కోర్టులో బీరువా పక్కన నిలబడి ఉందనే అనుకుంటున్నాడు. నేను పర్మనెంటు అయ్యి, రిటైరు కూడా అయ్యాను. ఎప్పుడు కలిసినా నాయన మాట వచ్చేసరికి, ఉంది కదా, బాగుంది కదా అని అడుగుతాడు. బాగుందంటాను. నేను రాసుకునేవన్నీ తమిళంలోనే రాసుకుంటాను, అదే నా చేతికి అలవాటు. ఇది ఒక్కటి మాత్రం జేజి ఇసుకలో దిద్దించిన అక్షరాల్లో కష్టపడి రాస్తున్నాను. మా అన్నకు తెలుగు చదవడం రాదు.